రోజ్‌మిల్క్ రంగు ఆయిల్

కడియం నర్సరీలో నాన్న వదిలిపోయిన పాత ఆటోమేటిక్ కారు ఏళ్ళ తర్వాత స్టార్టయింది కానీ, ఏ గేరులో వేసినా కదలలేదు. గేర్ ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగాను. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ రోజ్‌మిల్క్‌లా ఉంది. నీళ్ళు కలిశాయి.

“ఇందులో నీళ్ళు పోసిందెవరు?” అని అరిచాను.

మొక్కలు తడుపుతున్న తోటమాలి బుల్లిరాజుగారు పైపు కింద పెట్టారు. “నేనేనండి అమ్మాయిగారూ. అయ్యగారు పోయాక ఏదీ ఎండిపోకూడదని, మొక్కలతో పాటు ఆ పుల్ల తీసి దీనికీ కాసిని పోశానండి.”

నోటిదాకా వచ్చిన తిట్టు మింగేశాను. ఆయిల్ దింపి కొత్తది పోశాను. మళ్ళీ గులాబీ రంగే. మళ్ళీ దింపాను. పుల్లకు ఎర్రటి చుక్క అంటేదాకా వదల్లేదు.

సాయంత్రానికి కారు కదిలింది.

“ఇక దీనికి నీళ్ళు మానెయ్యాలాండి?” దిగులుగా అడిగారు బుల్లిరాజుగారు.

“మానెయ్యండి. రోజూ మిమ్మల్ని ఇంటిదగ్గర దింపితే దీనికదే చాలు. ఎక్కండి,” అన్నాను.