కాలువలోకి దిగిన కెమెరా

వాన గట్టిగా పడితే మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. దానికి కారణం నేనేనట. నా కుట్టు దుకాణంలోంచి ఊడ్చిపోసే గుడ్డముక్కలు ఇళ్ళ ముందు నేల కిందుగా పోయే కాలువలో చేరి, నీళ్ళు పోయే దారి మూసేశాయని వీధి వీధంతా తీర్మానించేసింది. కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఒకరన్నారు, మిగతావాళ్ళు తలలూపారు, అది నిజమైపోయింది. బట్టలిచ్చి పోవడానికి వచ్చినవాళ్ళు కూడా "ఆ ముక్కలేవో కాస్త సంచిలో కట్టి పెట్టుకోమ్మా" అని చురక అంటించి పోయేవాళ్ళు. నేను సంచిలోనే కట్టి పెడతాను. దిళ్ళు కుట్టేవాడు వచ్చి పట్టుకుపోతాడు. ఆ మాట వినే ఓపిక ఎవరికుంది?

చివరికి నా దుకాణం గది యజమానురాలి చెవిన కూడా ఎవరో ఊదారు. "ఈ వానాకాలం వీధి మళ్ళీ మునిగిందంటే గది ఖాళీ చెయ్యాల్సిందే" అని ఆవిడ తేల్చేసింది. నా మిషన్ తిరిగితేనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. గది పోతే ఇంకెక్కడా నాకు దుకాణం దొరకదు. నాకంటే ముందే నా పేరు అక్కడికి చేరుతుంది.

నా తరఫున నోరు విప్పింది ఒక్క అన్నయ్యే. తోడబుట్టిన అన్నయ్య కాదు, ఎదురింటాయన, వీధి సంఘానికి అధ్యక్షుడు. సంఘం మీటింగులో అందరూ కలిసి నన్ను దులిపేస్తుంటే ఆయన లేచి నిలబడి, "మా చెల్లమ్మ గుడ్డముక్క ఒక్కటి కూడా ఆ కాలువలో లేదు. నా తల మీద ఒట్టు!" అన్నాడు. అంత మాట రక్తసంబంధీకులు కూడా అనరు. ఆ రోజు ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాను, సంతోషంతో.

మాటలతో సరిపెట్టే మనిషి కూడా కాదు. వాన మొదలైందంటే ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని వచ్చేసేవాడు. నేనొక పక్క, ఆయనొక పక్క పట్టుకుని నా మిషన్‌ను వాళ్ళ మేడమీది కొత్త గదిలోకి చేర్చేవాళ్ళం. అల్లుడొస్తే ఉండటానికని కట్టించిన గది అది. అందులో అల్లుడు పడుకున్నది తక్కువ, నా మిషన్ కాపురం చేసింది ఎక్కువ.

అయితే ఆయన ఒట్టుతో నా పరువు నిలబడలేదు. కాలువల్లోకి పంపి చూసే కెమెరా ఒకటి మునిసిపల్ ఆఫీసులో ఉందని తెలిసి, దాన్ని మా వీధికి పంపించమని కాళ్ళరిగేలా తిరిగాను. అన్నయ్యకు నచ్చలేదు. "ఎందుకమ్మా నీకీ తిప్పలు? నేనున్నాగా. ఈ పాతదాని జోలికి పోకుండా వీధికి అవతలి పక్కన కొత్త కాలువ తవ్వమని అర్జీ పెట్టాను కదా" అన్నాడు. నేను వినలేదు. నాకు మొండిదాన్నన్న పేరు ఊరికే రాలేదు.

కెమెరా వచ్చిన రోజు మబ్బు పట్టి ఉంది. ఒక కుర్ర ఇంజినీరమ్మ, ఆవిడతో ఒక పనివాడు వచ్చారు. మా వీధి మొదట్లో మ్యాన్‌హోల్ మూత లేపి, చిన్న చక్రాల బండికి కెమెరా కట్టి లోపలికి దించారు. వ్యాను వెనక తెర పెట్టారు. ఇంకేం, ఉచితంగా సినిమా వేసినట్టు జనం మూగారు. మా యజమానురాలు స్టూలు తెచ్చుకుని మరీ ముందు కూర్చుంది.

తెర మీద నల్లటి నీళ్ళు, బురద, పాకుడు. ఉన్నట్టుండి ఏదో ఎర్రగా వేలాడుతూ కనపడింది. "అదిగో గుడ్డ!" అని యజమానురాలు కేక పెట్టింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తీరా చూస్తే ప్లాస్టిక్ సంచి. బండి ఇంకాస్త ముందుకెళ్ళి ఆగిపోయింది. ఎదురుగా బూడిదరంగు గడ్డ ఒకటి కాలువనంతా నింపేసి ఉంది. అందులోంచి ఇనుప చువ్వలు పొడుచుకొచ్చాయి.

"కాంక్రీటు!" అంది ఇంజినీరమ్మ.

పనివాడు ఒక కర్రలాంటి పరికరం పట్టుకుని కాలువ వెంబడి నడిచాడు. అడుగున కెమెరా ఉన్నచోటికి రాగానే అది కూత పెడుతుందట. జనమంతా వాడి వెనకే నడిచారు. అన్నయ్య ఇంటి గేటు దాటగానే అది కుయ్యిమంది. మేడమీది కొత్త గదిని మోస్తున్న పిల్లర్ పక్కన ఆగి, వాడు సుద్దముక్కతో నేల మీద గుర్తు గీశాడు.

"పునాది తవ్వినప్పుడు కాలువ కప్పు పగిలింది. పోసిన కాంక్రీటంతా లోపలికి దిగి గడ్డకట్టింది. ఈ పిల్లర్ ఎవరిది?" అని అడిగింది ఇంజినీరమ్మ. అందరూ అన్నయ్యకేసి చూశారు. ఆయన సుద్ద గీతకేసి చూస్తున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అన్నయ్యకేం తెలుసు? ఆ మేస్త్రీ వెధవ ఎవడో చెప్పకుండా పోసేసుంటాడు!" అని అరిచాను.

వదిన తడిచేతులు చీరకు తుడుచుకుంటూ గబగబా గేటు దగ్గరికొచ్చింది. ఆయన్ను కాపాడుకోవాలని పాపం ఆవిడ ఆత్రం. "లేదమ్మా, మేస్త్రీ మంచోడే. 'కింద కాలువ తగిలింది సార్, పిల్లర్ లోపలికి జరుపుదాం' అని చెప్పాడు. జరిపితే గది చిన్నదైపోతుందని ఈయనే పొయ్యమన్నారు. కావాలని చేసింది కాదమ్మా!"

ఆయన తన తల మీద అంత గట్టిగా ఎలా ఒట్టేసుకోగలిగాడో అప్పుడు తెలిసింది. ఆ కాలువలో ఏముందో మా వీధిలో తెలిసిన మనిషి ఆయనొక్కడే. తెలిసి కూడా నన్ను అన్ని మాటలూ పడనిచ్చాడు. పడ్డాక ఓదార్చాడు.

ఇంతలో వాన అందుకుంది. ఇంజినీరమ్మ కెమెరా పైకి లాగించింది, పిల్లర్ సంగతి పైవాళ్ళతో మాట్లాడాలంది, వ్యానెక్కి వెళ్ళిపోయింది. నన్ను ఆడిపోసుకున్నవాళ్ళు ఒక్క మాటైనా అనకుండా ఎవరిళ్ళకు వాళ్ళు పరిగెత్తారు. మా యజమానురాలు స్టూలు నెత్తిన పెట్టుకుని పోయింది.

నీళ్ళు నా దుకాణం గడప దాటుతున్నాయి. అన్నయ్య ప్యాంటు మడుచుకుని వచ్చాడు. నా మొహం చూడకుండా మిషన్‌కు ఒక పక్క చెయ్యి వేసి, "పట్టమ్మా" అన్నాడు. పొమ్మందామనే అనుకున్నాను. నేనొక్కదాన్నే లేపలేను. వీధిలో ఇంకెవరూ లేరు. పట్టాను.

ఇద్దరం మెట్లెక్కి, ఎప్పుడూ పెట్టే గోడవారనే దించాం. మా పాదాల బురద తప్ప ఆ గది నేల మీద తడన్నదే లేదు.

"పిల్లర్ జరిపితే గది ఎంత చిన్నదయ్యేది అన్నయ్యా?" అని అడిగాను.

ఆయన రెండు చేతులూ చాచి, ఇంత అన్నట్టు గోడవార కొంచెం చోటు చూపించాడు. అందులో నా మిషన్ ఉంది.