సుప్రజ మేడమ్ బుట్టల్లో ఈగలు

చాట్రాయి రోడ్డు మీద, బసవపున్నారావు మామిడితోట గేటుకు ఎదురుగా రిబ్కమ్మ టీ బడ్డీ ఉంది. రోజూ పొద్దున్నే బస్సు దిగి సుప్రజ అక్కడే టీ తాగేది. ఆమె గ్లాసు అందుకోగానే రిబ్కమ్మ జాంగ్రీల పళ్లెం మీద గుడ్డ తీసి, అదే ప్రశ్న వేసేది.

"మేడమ్ గారూ, దోమల్లో మగవే కుడతాయి కదండీ?"

పురుగుల మీద పీహెచ్‌డీ చేసిన మనిషికి ఇంతకంటే కంపరం ఏముంటుంది? సుప్రజ జవాబివ్వకుండా పెదవి విరిచేది. విరిచీ విరవకముందే జాంగ్రీల మీది ఈగలు లేచి వెళ్లిపోయేవి. ఆమె దేన్ని చులకనగా చూసినా ఆ దరిదాపుల్లో పురుగనేది నిలవదు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. పేలు పట్టిన పిల్లల్ని తల్లులు తెచ్చి, ఆమె ముందు ఎక్కాలు తప్పుల్తో చదివించేవారు. తెలియనిది సుప్రజకే. తెలియాలంటే ఎదుటి మనిషిని ఒకసారైనా సరిగ్గా చూడాలి కదా.

ఆమె చూపంతా తన మందు మీదే. ఏళ్ల తరబడి అడవుల్లో తిరిగి, మగ పండు ఈగలు ఏ పువ్వు వాసనకు ఒళ్లు మరిచిపోతాయో కనిపెట్టి, ఆ వాసనను చెక్కముక్కలకు పట్టించింది. ఆ చెక్కలు పెట్టిన బుట్టలు తోటలో కడితే మగ ఈగలన్నీ వచ్చి అందులో పడాలి. జోడు దొరకని ఆడ ఈగ కాయలో గుడ్డు పెట్టినా పురుగు పుట్టదు. కాయలైతే శుభ్రంగానే ఉన్నాయి. బుట్టలో మాత్రం ఒక్క ఈగ పడదు. ఈ సీజన్లో కూడా బుట్టలు ఖాళీగా ఉంటే ఈ పరిశోధన మూసేస్తామని పైవాళ్లు తేల్చేశారు.

తప్పంతా ఈ మొద్దు జనానిదేనని ఆమె నమ్మకం. బసవపున్నారావునే చూడండి. తోటంతా సమంగా కట్టమన్న బుట్టల్ని గేటు పక్క చెట్లకే గుత్తులుగా వేలాడదీశాడు. అదేంటంటే, "జీపుల్లో పోయే ఆఫీసర్లకి కనపడాలి కదండీ" అన్నాడు. పూతకాలంలో ఆమెను గేటు దాటనివ్వలేదు. "పూత మీద ఆడవాళ్లు రాకూడదండి, మా ఆచారం" అన్నాడు. కూలికొచ్చిన ఆడవాళ్లు అతని వెనకే కలుపు తీస్తున్నారు.

పైవాళ్లు బుట్టలు చూడ్డానికి వచ్చే తనిఖీకి ముందు సుప్రజకు జ్వరమొచ్చి వారం రోజులు తోటకు రాలేకపోయింది. తనిఖీ రోజున కూడా నూజివీడు దాటాక బస్సు చెడిపోయింది. ఆలస్యంగా దిగేసరికి గేటు దగ్గర కార్లు ఆగి ఉన్నాయి. బుట్టల్లో ఈగలు నల్లగా పేరుకుపోయి ఉన్నాయి. ఇంకా గుంపులుగా వస్తూనే ఉన్నాయి. ఆనందంతో ఆమె కళ్లు చెమర్చాయి. పరిగెత్తబోతుంటే బసవపున్నారావు రోడ్డు దాటొచ్చి అడ్డం నిలబడ్డాడు.

"మీరిక్కడే ఉండండి మేడమ్. మీరు దూరంగా ఉంటే మీ మందు బ్రహ్మాండంగా పనిచేస్తుందండి. మీరు దగ్గరుంటే అసలు మందే అక్కర్లేదు."

"ఏం మాటలవి?"

"మీరు ఛీ అనుకుంటే పురుగు నిలవదండి. పూతప్పుడు తేనెటీగలు పోతాయనే మిమ్మల్ని రానివ్వలేదు. కాయ ముదిరాక రోజూ మీ చేత ఛీ కొట్టించుకోడానికే బుట్టలన్నీ అలా కట్టాను. నా కాయకి మచ్చ లేదంటే మీ చలవేనండి. ఇవాళ మాత్రం నా తోట ఫొటో పేపర్లో పడాలి."

రిబ్కమ్మ బెంచీ తుడిచింది. సుప్రజ దానిమీద కూలబడింది.

అవతల ఆమె పరిశోధన కేంద్రం డైరెక్టర్ కృష్ణకాంత్ ఒక బుట్ట పట్టుకుని కెమెరాల ముందు నిలబడ్డాడు. ఆ మందు పేరు కూడా సరిగా పలకలేని మనిషి. "ఇది నా చిరకాల పరిశోధన" అంటున్నాడు. సుప్రజ పెదవి వంకర తిరగబోయింది. గేటు దగ్గర ఈగల గుంపు చెదిరి దూరం జరిగింది. ఇంకాస్త అసహ్యించుకుంటే తన మందుకు నూకలు చెల్లినట్టే. అసహ్యించుకోకుండా ఉండాలంటే ఆ మొహంలో మెచ్చుకోదగ్గది ఏదో ఒకటి దొరకాలి. వెతికింది. దొరకలేదు. బసవపున్నారావులో వెతికింది. ఫొటో కోసం జుట్టుకు రంగేసుకొచ్చాడు, అది చెవుల మీదికి కారుతోంది.

ఇక మిగిలింది తనే. ఈగ రెక్కల మీది గీతలు కూడా భూతద్దంలో చూసిన మనిషి, ఇంతమంది తనతో ఆడుతున్న ఆట కనిపెట్టలేకపోయింది. టీ ఇచ్చే మనిషి మొహం కూడా ఏనాడూ చూడలేదు. ఛీ, నాదీ ఒక చదువేనా అనుకుంది. ఆ ఛీ మొట్టమొదటిసారి బయటికి పోకుండా లోపలికి దిగింది. చెదిరిన ఈగలు మళ్లీ బుట్టల మీద వాలాయి. చప్పట్లు వినిపించాయి. ఒక మగ ఈగ రోడ్డు దాటొచ్చి ఆమె వేలిమీద కూర్చుంది. సుప్రజ చెయ్యి కదపలేదు.

మందు బతికింది, డైరెక్టర్ పేరు మీద.

మర్నాడు పొద్దున రిబ్కమ్మ గ్లాసు అందించి, పళ్లెం మీద గుడ్డ తీసింది.

"మేడమ్ గారూ, దోమల్లో మగవే కుడతాయి కదండీ?"

సుప్రజ ఆమె మొహంలోకి చూసింది. "కాదండీ రిబ్కమ్మగారూ, కుట్టేది ఆడవే. మగవి పూల తేనె తాగి బతుకుతాయి."

జాంగ్రీల మీది ఈగలు కదల్లేదు. రిబ్కమ్మ కాసేపు చూసి, నిట్టూర్చి, గుడ్డ మళ్లీ కప్పేసింది.