రెండో సాక్సు

మంచం మీద బట్టలు వరసగా పరుస్తోంది అమ్మ. ముందు సాక్సులు, తరవాత గౌను, ఆ పక్కన బెల్టు, చివర మంచం కింద బూట్లు. ఈ వరస తప్పితే పిచ్చుక ఎక్కడిదక్కడ వదిలేసి కూచుంటుంది. పిచ్చుక ఆమె ఎనిమిదేళ్ళ కూతురు. గింజ గింజా ఏరుకుని తింటుందని అమ్మమ్మ ఆ పేరు పెట్టింది. మాటలు మాత్రం బహు తక్కువ.

రెండు నెలలుగా బడికీ ఇంటికీ పడటం లేదు. ఈ పిల్ల తనంతట తాను ఏ పనీ చేయదు, వేసవి తరవాత ప్రత్యేక బడిలో చేర్చండి అని బడివాళ్ళు ఉత్తరం రాశారు. ఇంట్లో అన్నీ తనే చేసుకుంటుంది, నా పిల్ల తన తరగతిలోనే ఉంటుంది అని అమ్మ జవాబు రాసింది. మాట్లాడుకుందామని అమ్మా టీచరూ రెండుసార్లు కూచుంటే రెండుసార్లూ మాటా మాటా పెరిగింది. చివరికి విద్యాశాఖ నుంచి ఒక పెద్దాయన మధ్యవర్తిగా వచ్చాడు. తప్పెవరిదని అడగలేదు. అమ్మ ఒక పూట బడి చూడాలి, టీచర్ ఒక పూట ఇల్లు చూడాలి అన్నాడు.

సోమవారం అమ్మ తరగతి కిటికీ దగ్గర నిలబడింది. ముప్ఫైమందీ పుస్తకాలు తీశారు. పిచ్చుక సంచీ వంక చూస్తూ కూచుంది. టీచర్ మూడుసార్లు చెప్పింది, ప్రతిసారీ గొంతు పెంచి. ఇంటికొచ్చాక అమ్మ ఆ ఊసే ఎత్తలేదు.

ఇవాళ ఇంటి వంతు. అమ్మ బట్టలు కుడుతుంది. మంచం పక్కనే మిషన్. కొలతలివ్వడానికి వచ్చేవాళ్ళు కూచునే బల్ల మీద టీచరూ పెద్దాయనా కూచున్నారు. అమ్మ మిషన్ ముందు కూచుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"పరీక్ష హాల్లా ఉంది. దగ్గితే బయటికి పంపిస్తారేమో," అంది అమ్మమ్మ.

పిచ్చుక ఒక సాక్సు తొడుక్కుంది. రెండోది చేతిలో పట్టుకుని ఆగిపోయింది. గోడ గడియారం అయిదు నిమిషాలు నడిచింది. సాక్సు చేతిలోనే ఉంది.

"ఏమే, మిషన్ తొక్కవేం?" అంది అమ్మమ్మ. "రోజూ ఈ పాటికి చెవులు చిల్లులు పడేట్టు తొక్కుతావుగా."

"వాళ్ళున్నారని ఊరుకున్నానమ్మా."

"రోజూ చేసే పనే చేయండమ్మా," అన్నాడు పెద్దాయన.

అమ్మ కాలు కదిపింది. మిషన్ టకటకలాడి ఆగింది. పిచ్చుక రెండో సాక్సు తొడుక్కుని మళ్ళీ ఆగింది. మళ్ళీ మిషన్. గౌను.

మూడోసారి తొక్కబోయి అమ్మ కాలు వెనక్కి తీసుకుంది. ఇన్నాళ్ళూ తన పని తను చేసుకుంటున్నాననే అనుకుంది. ఆ చప్పుడు ఆసరాతో పిల్ల ఒక పని నుంచి ఇంకో పనికి వెళుతోందని ఇప్పుడే తెలిసింది.

"అన్నీ తనే చేసుకుంటుందని రాశాను," అంది, టీచర్ వంక చూడకుండా. "అబద్ధం చెప్పాలని కాదండీ. నాకే తెలీదు."

ఇక పిల్లని ప్రత్యేక బడికి పంపించేస్తారు అనుకుంది.

టీచర్ తన సంచీలోంచి పెన్సిలు తీసి బల్ల మీద రెండుసార్లు కొట్టింది. పిచ్చుక తల తిప్పి ఆ పెన్సిలు వంక కాసేపు చూసింది. తరవాత బెల్టు అందుకుంది.

"ఏ పనీ చేయదని నేనూ రాశాను," అంది టీచర్. "అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను గానీ, ఇంకోలా చూద్దామనిపించలేదు."

"గొంతు పోతే పోయింది, పెన్సిలుందిగా," అంది అమ్మమ్మ.

పెద్దాయన కాగితం తీసి ఒప్పందం రాశాడు. పిచ్చుక తన తరగతిలోనే ఉంటుంది. ప్రతి పనికీ ముందు బల్ల మీద రెండు దెబ్బలు. మూడు నెలల తరవాత మళ్ళీ అందరూ కూచోవాలి. చదవడానికి రోజూ ఒక గంట వేరే గదిలో, అని టీచర్ చేర్పించింది. అక్కడ అమ్మ పెన్ను ఆగింది.

"ఆ గదిలో ఎవరుంటారు?"

"నేనేనండీ."

అమ్మ సంతకం పెట్టింది.

ఈలోగా పిచ్చుక బూట్లు వేసుకుంది. సంచీ తగిలించుకుంది. రోజూ భుజం మీద చెయ్యేసి గుమ్మం దాటించేది అమ్మే. ఇవాళ ఆమె లేవలేదు. ఒక్కసారి తొక్కుదామని కాలు పెడల్ మీద ఆనించింది.

ఇంకా నొక్కనే లేదు. పిచ్చుక గుమ్మం దాటి, ఎవరికీ ఏమీ చెప్పకుండా, వీధి చివరి బడి వైపు నడిచి వెళ్ళిపోయింది.