ఊపిరి అందే పాట

నాటక కంపెనీలో పదకొండేళ్ళుగా దుస్తులు కుడుతున్న ఆమెను అందరూ సూదక్క అనేవారు. ఏ నటికి ఊపిరి ఎంతసేపు నిలుస్తుందో, కొలతలు తీసి తీసి ఆమెకు తెలిసిపోయింది.

కొత్త సంగీత నాటకం రిహార్సల్లో కథానాయిక ఒకే చరణం దగ్గర నాలుగుసార్లు ఆగిపోయింది. పాటలు రాసిన కవిగారు మండిపడ్డారు.

"గొంతులో సత్తువ లేకపోతే ఇంట్లో కూర్చోవాలి."

నాయిక కాళ్ళ దగ్గర అంచు కుడుతున్న సూదక్క నోట్లోని గుండుసూదులు తీసింది. "గొంతు బాగానే ఉందండీ. మధ్యలో ఊపిరి తీసుకోడానికి మీరు చోటే వదల్లేదు."

"నీ కుట్టుపని నువ్వు చూసుకో."

ఆ మధ్యాహ్నమే ఇస్త్రీ బల్ల మీద, కొలతల పుస్తకంలో ఆమె ఆ పాట తిరగరాసింది. హార్మోనియం మాస్టారు వాయించారు. నాయిక ఎక్కడా తడబడకుండా పాడేసింది. కవిగారు అలిగి వెళ్ళిపోయారు. దాంతో యజమాని మిగతా పాటలూ ఆమెనే రాయమన్నాడు. కవిగారి చివరి పాటలో నాయిక మొగుడి కాళ్ళు పట్టుకుని క్షమాపణ అడుగుతుంది. సూదక్క పాటలో తలుపు తీసుకుని వెళ్ళిపోతుంది.

తీరా పోస్టర్లు వచ్చేసరికి వాటి మీద కవిగారి పేరుంది.

"ఆడపేరు చూస్తే జనం రారమ్మా," అన్నాడు యజమాని.

"అయితే ఆయన పాటలే పాడించండి." ఆమె హార్మోనియం మీది కాగితాలు తీసి చంకన పెట్టుకుంది.

"నిన్ను పనిలోంచి తీసేస్తాను."

"తీసేయండి. పాటలూ నాతోనే వస్తాయి."

యజమాని నాయిక వైపు చూశాడు. "ఆయన పాటలు నాకు రావండీ," అందామె. మాస్టారు హార్మోనియం మూత దించారు. "నేనూ మర్చిపోయాను."

పోస్టర్లు మళ్ళీ అచ్చయ్యాయి.

వాటిని చూసి అన్నయ్య ఇంటికొచ్చాడు. "మన పరువు గోడలకెక్కించావు కదే."

"గోడ మీదున్నది నా పేరన్నయ్యా. నీదెక్కడుంది?"

మొదటి ప్రదర్శనలో నాయిక తలుపు తీయగానే ముందు వరుసలో కొందరు లేచిపోయారు. వెనక బెంచీల్లోని ఆడవాళ్ళు మాత్రం కదల్లేదు. పత్రికలో ఒకాయన 'అతుకుల కవిత్వం' అని వెక్కిరించాడు. నెల తిరిగేసరికి ఆ పాటలు కుళాయిల దగ్గరా బస్సుల్లోనూ వినిపించాయి.

రెండో నాటకం యుద్ధం కథ అని యజమానే కబురు పెట్టాడు. సూదక్క వెళ్ళింది. "యుద్ధం కథ కదా. నువ్వు జోలపాట రాయి చాలు. మిగతావి ఎవరైనా మగాళ్ళ చేత రాయిస్తాను."

"జోలపాట వాళ్ళ చేత రాయించండి," అంది సూదక్క. "సైనికుల పాట నేను తెచ్చాను. కూర్చోండి, వినిపిస్తాను."

ఆయన కూర్చున్నాడు.