తద్దినం నాటి బీమ్ టైమ్

ఇడ్లీపిండి రుబ్బుతుంటే పరిశోధన కేంద్రం నుంచి మెయిలొచ్చింది. నవంబరు పదకొండు నుంచి మూడు రోజులు బీమ్ టైమ్, అంటే యంత్రం నాది! పిండి చేత్తోనే ఫోను నొక్కి మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

ఎలక్ట్రాన్లను ఇంచుమించు కాంతి వేగంతో తోలి, అటూ ఇటూ ఊపే అయస్కాంతాల మధ్య నుంచి పంపితే పరారుణ కాంతి పుడుతుంది. ఆ ఎలక్ట్రాన్లు చెల్లాచెదురుగా పోతే మసకే. ఇరుకుగా గుంపుకట్టి ఒక్క ఊపున ఊగాయా, అబ్బ, ఏం కాంతి! ఆ గుంపును బిగించే లెక్క నాది. పోయినేడు అత్తగారి మోకాలి ఆపరేషనని నా రోజులు వదులుకున్నాను. ఈసారీ వెళ్ళకపోతే దరఖాస్తు కొట్టేస్తారు.

మావారు వేణుగోపాలరావు క్యాలెండరు చూశారు. "పన్నెండున నాన్నగారి తద్దినం కదా. తిథి మారుద్దేటి? కాలేజీలో పాఠాలు సెప్పుకోడానికి ఇవన్నీ నీకెందుకు, వాగ్దేవీ?"

ఒళ్ళు మండింది. నా పెళ్ళికి ముందే పోయిన మనిషి మా మామగారు. పదకొండేళ్ళుగా తడిబట్టతో, పచ్చి మంచినీళ్ళైనా ముట్టకుండా ఆయనకి గారెలు వండుతున్నాను. కర్త అయిన మావారు మాత్రం స్నానం చేసి పీట మీద కూర్చుంటారు. బ్రాహ్మలు "వంట దివ్యంగా ఉంది, రావుగారూ" అని ఆయన్నే మెచ్చుకుంటారు.

మా అత్తగారు అమ్మడుగారు మంచం మీంచి, "కంటికి కనపడని ఎలుతురు కోసం అంత దూరం ఎల్తావేటమ్మా?" అన్నారు.

"అత్తయ్యా, మీరు ముట్టైనప్పుడు తద్దినం వస్తే ఎవరు వండేవారు?"

"ఇంకెవరు? మీ మాంగారే. ఆల్ల నాన్న తద్దినానికి గారెలు, పరమాన్నం, అన్నీ ఆయనే సేసేవోరు. కర్త వండితే ఇంకా మంచిదని పురోహితుడే సెప్పాడు."

మావారు నావైపు, వాళ్ళమ్మవైపు చూశారు. నేను చెయ్యి కడుక్కుని, బరంపురం స్టేషన్ నుంచి తొమ్మిదో తారీకు బండికి ఫోన్లోనే టికెట్టు తీశాను.

"గారెలు నాకేటి తెలుసు? పిండిలో ఉప్పెంతెయ్యాలో కూడా తెలీదు," అన్నారాయన, గొంతు తగ్గించి.

"నేను మామగారిని ఒక్కసారైనా చూడలేదండీ. ఆయనకి ఏ రుచి నచ్చుతుందో కొడుకు మీరు, మీకు తెలీదూ?"