వంశవృక్షం కింద తెల్ల గుర్రం

డబ్బు ముదిరిన మనిషికి మూడు రోగాల్లో ఏదో ఒకటి తగులుకుంటుంది: దేవుడో, డాక్టరో, తాతముత్తాతలో. టైల్స్ కొట్టు అన్నయ్యకు మూడోది తగులుకుంది.

అన్నయ్య అంటే పెయింటరుకు తోడబుట్టినవాడు కాదు, పెదనాన్న కొడుకు. చదువు దగ్గర ఇద్దరూ సమానమే, ఒకే తరగతిలో బోర్లాపడ్డారు. తరవాత ఒకడు టైల్స్ అమ్మి మూడంతస్తులు లేపాడు. రెండోవాడు షాపుల బోర్డులు రాసి బతికాడు. ఫ్లెక్సీలొచ్చి ఆ కూడు కాస్తా లాగేసుకున్నాక, మిగిలిన రంగు డబ్బాలతో గోడలకు పూతలు వేసుకుంటూ లోకాన్ని తిడుతున్నాడు. తిట్టడంలో మాత్రం పని తగ్గలేదు.

అన్నయ్య ఏడాదిగా తాతను వెతుకుతున్నాడు. ఆఫీసుల్లో బూజు దులిపించాడు. ఒక కాగితం ప్రకారం తాతకూ పెదనాన్నకూ వయసు తేడా పదమూడేళ్ళే వచ్చింది. "క్లర్కు తాగి రాసుంటాడు" అని దాన్ని పక్కన పెట్టాడు. ఇంకోచోట తాత పేరుతో ఇద్దరు దొరికారు. ఒకడికి గుర్రాలశాల ఉంది, ఇంకొకడు జైల్లో పోయాడు. రెండోవాడి సంగతి ఆట్టే ఆలోచించకుండా అన్నయ్య గుర్రాలవాడిని తాతగా ఖాయం చేసుకున్నాడు. కన్నవాళ్ళను ఎంచుకునే వీలు ఎవరికీ లేదంటారు గానీ, పోయినవాళ్ళను ఎంచుకోవడానికి అడ్డేముంది?

ఇక మిగిలింది మేనత్త. తాత పిల్లల్లో బతికున్నది ఆవిడొక్కతే. పెళ్ళి చేసుకోలేదు, ఒకరికి లొంగలేదు. అన్నయ్య ఇంట్లోనే వెనక గదిలో ఉంటుంది. అన్నయ్య ఆవిడ ముందు ఫోను పెట్టి, గొంతు సవరించుకుని, "అత్తయ్యా, మన పూర్వీకుల గురించి నాలుగు ముక్కలు చెప్పు" అన్నాడు. ఆవిడ ఫోను వంక చూసి, "ఏమో నాయనా, నాకేం గుర్తుంటుంది" అంది. ఎన్నిసార్లు పెట్టినా రికార్డయింది ఫ్యాను చప్పుడే.

చివరికి హాల్లో గోడనిండా వంశవృక్షం వేయమని పెయింటరుకు కబురొచ్చింది. ఆదివారం చుట్టాలందరికీ భోజనాలు. ఈలోపు చెట్టు తయారవ్వాలి. చెట్టు మొదట్లో తాత, ఆయన పక్కన తెల్ల గుర్రం.

అన్నయ్య ఇచ్చిన బొమ్మ చూసి పెయింటరు అటూ ఇటూ తిప్పాడు.

"మా నాన్న ఏడి?"

"చూడరా తమ్ముడూ, నువ్వేం అనుకోకు. వంశమంటే రక్తం. చిన్నాన్నని తాత ఎక్కణ్ణించో తెచ్చి పెంచాడు. మా నాన్న ఎన్నిసార్లు చెప్పలేదు? పెంచినవాళ్ళందర్నీ రాస్తూ పోతే ఇంట్లో కుక్కని కూడా రాయాలి."

"కుక్కా?"

"మాటవరసకన్నానురా. రుజువు తే, కొమ్మ వేసేసుకో. నేనడ్డమా?"

ఆ మాట పెయింటరుకు కొత్త కాదు. గోళీల దగ్గర తగువొచ్చినా, బంతి పోయినా, చిన్నప్పటినుంచీ చివరికి తేలేది అక్కడికే: "మీ నాన్న దొరికినోడంట కదా!" వాళ్ళ నాన్న ఆ మాటను ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. అన్నగారు కూర్చోమంటే తప్ప ఆ ఇంట్లో కూర్చోకుండానే ముసలివాడై పోయాడు. పోయిన మనిషిని ఇప్పుడెలాగూ కూర్చోబెట్టలేడు. కనీసం గోడమీదైనా ఎక్కించాలి. అందుకే పని ఒప్పుకున్నాడు. లేకపోతే ఆ బొమ్మను చుట్టి ఎక్కడ పెట్టుకోవాలో చెప్పి వచ్చేవాడు.

మేనత్త కుర్చీ వేయించుకుని పని చూస్తూ కూర్చునేది. మొదటిరోజే అడిగేశాడు.

"అత్తా, నిజం చెప్పు. మా నాన్న ఎవరి కొడుకు?"

"ఏటి పుట్టుక, ఋషి పుట్టుక అడక్కూడదురా."

"మా నాన్న ఋషేంటే! గోడౌన్ కాపలా కాశాడు."

"అయితే అసలే అడక్కు."

దాంతో ఆ దారి మూసుకుపోయింది. నోరు మూసుకుని గుర్రం మొదలెట్టాడు. తెల్లరంగు పూసి, జూలు దువ్వి, తోక ఎత్తేసరికి వెనకనుంచి వినిపించింది.

"తెల్లదెక్కడిది? అది మట్టిరంగు. ఒక కన్ను కూడా లేదు."

పెయింటరు చెయ్యి ఆగింది. అన్నయ్య అన్నిసార్లు ఫోను పెట్టుకుని బతిమాలితే రాలని ముక్క, తప్పు రంగు పూస్తే రాలింది. ఇదేదో బాగుందే అనుకుని, గుర్రం వెనక మేడ ఒకటి గీశాడు.

"ఎవరిదిరా ఆ మేడ?"

"తాతదే. గుర్రాలశాల ఉన్నాయన మరి."

"శాలా, నీ మొహమా! అద్దె బండి తోలేవాడు. గుర్రం కూడా షావుకారుదే. రెండు గదుల కొంప, ఒకదాంట్లో గడ్డి."

అడిగితే ముసలాళ్ళకు గుర్తుండదు. తప్పు చెబితే మాత్రం ఒళ్ళు మండి గుర్తొస్తుంది. ఈ చిట్కా దొరికాక పెయింటరు ఉత్సాహంగా తప్పులు చేశాడు. తాతకు మీసం పెడితే, మీసం లేదంది. ఆరడుగులు చేస్తే, బండెక్కడానికి పీట వేసుకునేవాడంది. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు అన్నయ్య ఏడాదిగా మూతి చాపుకు తిరుగుతున్నాడు. ఇప్పుడు చూస్తే ఆ నెయ్యి కూడా షావుకారుదేనేమో!

అసలు తప్పును మాత్రం అన్నయ్య ఇంట్లో ఉన్నప్పటికి దాచుకున్నాడు. శనివారం పొద్దున అన్నయ్య కాఫీ గ్లాసుతో గోడ ముందు నిలబడి ఉండగా, నిచ్చెన మీదనుంచే అన్నాడు.

"పెదనాన్న ఒక్కడే తాతకి పుట్టాడు, మా నాన్న దారిలో దొరికాడు. అంతేగా అత్తా?"

ఆవిడ కాదంటే చాలు.

"కాదు" అంది మేనత్త.

పెయింటరు కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ ఆగలేదు.

"దారిలో దొరికితే ఇద్దరూ దొరికినట్టే. మా అమ్మ ఒకణ్ణి చంకనేసుకుని, ఒకణ్ణి వేలు పట్టించుకుని, మొగుడి దెబ్బలు పడలేక బయటికొచ్చి మా నాన్న బండెక్కింది. ఎక్కడ దిగాలమ్మా అంటే, గుర్రం ఎక్కడాగితే అక్కడంది. గుర్రం ఎక్కడాగుతుంది? గడ్డి దగ్గరాగింది. అంతే, మళ్ళీ దిగలేదు. నేను ఆ తరవాత పుట్టాను."

"మరి... తాతకీ నాన్నకీ పదమూడేళ్ళే తేడా..." అన్నయ్య గొంతు కాఫీలో పడింది.

"క్లర్కు సరిగ్గానే రాశాడు. నాన్నకంటే అమ్మే పెద్దది. చంకలో ఉన్నది చిన్నోడు, వీడి నాన్న. వేలు పట్టుకుని నడిచొచ్చినోడు మీ నాన్న. వాడికన్నీ తెలుసు. తెలుసు గనకే ముందు వాడే తమ్ముణ్ణి వేలెత్తి చూపించాడు."

పెయింటరు నిచ్చెన మెట్టుమీద కూలబడ్డాడు. యాభై ఏళ్ళుగా ఏ రక్తం కోసం పళ్ళు కొరికాడో, అది తనకు లేదు. ఆ రక్తం పేరు చెప్పి తనను తరిమినవాడికీ లేదు. నవ్వాలో ఏడవాలో తెలియక ముందు నవ్వే వచ్చింది.

"అన్నయ్యా, రక్తమే వంశమైతే మొత్తం చెట్టుకి అత్తయ్య ఒక్కతే. కొమ్మలన్నీ కొట్టేయనా? పని తేలిక."

"నోర్ముయ్యరా!" తరవాత గొంతు తగ్గించి, "రక్తానిదేముందిరా తమ్ముడూ, పెంపకం ముఖ్యం గానీ" అన్నాడు అన్నయ్య.

"కుక్క సంగతి?"

"చిన్నాన్న పేరు నాన్న పేరంత పెద్దదిగా వెయ్యి. బంగారు రంగు వేసుకో. ఈ సంగతి మాత్రం రేపు నీ నోట రాకూడదు. నా మీద ఒట్టు."

"నీ మీద ఒట్టంటే తప్పాలనిపిస్తుంది. మా నాన్న మీద పెట్టుకుంటాలే."

"తాతను చెరిపేవు!" అని కుర్చీలోంచి అరిచింది మేనత్త. "ఇద్దర్నీ భుజాలమీదెక్కించుకుని తిప్పింది ఆయనే. చెరిపితే చెయ్యి విరగ్గొడతా."

ఆయన్ని అలాగే ఉంచాడు, మీసం మాత్రం తుడిచేశాడు. పక్కన అవ్వను కూడా గీశాడు, పేరుతో సహా. ఆ పేరు రాబట్టడానికి తప్పు పేర్లు బోలెడు చెప్పాల్సొచ్చింది. పెదనాన్న పేరెంత పెద్దదో కొలిచి, ఆ పక్క కొమ్మ మీద నాన్న పేరు రాశాడు. కిందికి దిగి చూసుకుని, అక్షరం వంకర పోయిందని తనను తానే బూతులు తిట్టుకున్నాడు.

గుర్రాన్ని మాత్రం అన్నయ్య మార్చనివ్వలేదు. తెల్లగానే ఉంది.

ఆదివారం చుట్టాలతో హాలు నిండింది. పెయింటరు గోడ వారగా కూర్చున్నాడు, ఎవరూ కూర్చోమనకుండానే. మేనత్తకు ముందు వరసలో కుర్చీ వేశారు. అన్నయ్య ఇస్త్రీ చొక్కాతో గోడ ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మా తాతగారు ఈ తెల్ల గుర్రం మీద..."

మేనత్త కుర్చీ కిర్రుమంది. "తెల్లదా?"

నలుగురైదుగురు తలలు తిప్పారు. పైన ఫ్యాను గోల చేస్తోంది, వెనక కూర్చున్నవాళ్ళకు ఆవిడ మాట అందినట్టు లేదు. అన్నయ్య పెయింటరు వైపు బతిమాలుతున్నట్టు చూశాడు. పెయింటరు ఒట్టు తప్పే మనిషి కాదు, నోరు విప్పలేదు.

లేచి వెళ్ళి ఫ్యాను ఆపాడు.