మబ్బు అని రాశాను

ఆ ప్రొజెక్టర్ బల్బు ఒక్కటి మాడిపోతే చాలు, ఇంకేమీ అక్కర్లేదు, కరెంటు పోయినా లాభం లేదు ఎందుకంటే ఈ సంస్థకి జనరేటర్ ఉంది, బల్బయితే కొత్తది తెప్పించేసరికి సాయంత్రమవుతుంది, సాయంత్రానికి నేను బస్సులో ఉంటాను, కానీ మాయదారి బల్బు నిక్షేపంలా వెలుగుతోంది, దాని వెలుగులో వరుసలో నాలుగో అబ్బాయి సూర్యుడి మీద మచ్చలు లెక్కపెట్టిన సంగతి చెబుతున్నాడు, తొమ్మిది మందిమి మేము, వేసవి ఇంటర్న్‌షిప్ అని ఎక్కడెక్కడి కాలేజీల నుంచో ఏరి తెచ్చిన తొమ్మిది మంది డిగ్రీ పిల్లలం, ఎనిమిది వారాలు అయిపోయాయి, ఇవాళ ఆఖరి రోజు, చేసిన పని అందరి ముందూ చెప్పుకోవడానికి తలా పదిహేను నిమిషాలు, నేను ఏడోదాన్ని, నా ఒళ్ళో ల్యాప్‌టాప్ ఉంది, మొదటి స్లైడ్ మీద పెద్ద అక్షరాలతో ఒక కొత్త గ్రహం ఆనవాలు అని రాసి ఉంది, ఆ గ్రహం లేదు, పొద్దున ఎనిమిదింటి దాకా ఉంది, ఎనిమిదింటికి లేకుండా పోయింది, ఆ సంగతి ఈ హాల్లో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

మేడం మొదటి రోజే చిలక్కి చెప్పినట్టు చెప్పారు, నా గైడు ఆవిడ, ఒక నక్షత్రం వెలుగు నిజంగా తగ్గిందో లేదో తెలియాలంటే దాన్ని పక్కనున్న నిలకడైన నక్షత్రాలతో పోల్చి చూడాలమ్మా, మబ్బు పట్టినా గాలి చెడినా అద్దం మీద తేమ చేరినా పక్కపక్క వాళ్ళందరికీ ఒకేలా తగులుతుంది, పోల్చేసరికి అదంతా కొట్టుకుపోతుంది, మిగిలిందే నిజం, వాటిని పోలిక తారలు అంటాం, ఒక్కదాన్ని నమ్ముకోకు, కనీసం మూడు పెట్టుకో, ఒకటి మోసం చేసినా మిగతా రెండూ పట్టిస్తాయి అన్నారు, అలాగే మేడం అన్నాను, బుద్ధిగా మూడూ పెట్టుకున్నాను, నాలుగు వారాలు గీశాను, గీత బల్లపరుపుగా వచ్చింది, నా నక్షత్రానికి ఏమీ కావడం లేదు, దాని ముందు నుంచి ఏ గ్రహమూ దాటడం లేదు, పక్క బల్ల దగ్గర అమ్మాయికి అప్పటికే ఏదో దొరికింది, వెనక బల్ల దగ్గరా దొరికింది, నాకు బల్లపరుపు గీత, అయిదో వారంలో ఒక రోజు ఊరికే, ఊరికే అని ఇప్పటికీ ఎవరిని నమ్మిస్తున్నాను, రెండో తారని మూడో తారని తీసేసి ఒకటో నంబరు ఒక్కదానితోనే పోల్చి చూశాను, గీతలో చిన్న గుంట కనబడింది, నూటికి ఒక పాలు తగ్గుదల, నాలుగు రాత్రుల డేటాలో రెండు రాత్రులు, గ్రహం అడ్డం వస్తే ఎంత తగ్గాలో సరిగ్గా అంత.

మరి ఆ రెండు తారలూ కలిపితే గుంట ఎందుకు పోతోంది అని అడగాలి కదా, బుద్ధున్నది ఎవతైనా ముందు అదే అడుగుతుంది, నేను అడగలేదు, ఆ రెండూ కాస్త మసక తారలు, వాటి మీదుగా పల్చటి మబ్బు పోయి ఉంటుంది అనుకున్నాను, అనుకుని ఊరుకోలేదు, నోట్సులో ఎందుకు తీసేశావు అన్న గడిలో మబ్బు అని రాశాను, కొండ మీద టెలిస్కోపు నడిపే ఆపరేటర్ ఆ రాత్రుల చీటీలో ఆకాశం శుభ్రంగా ఉంది అని రాసి సంతకం పెట్టాడు, ఆ చీటీ నా ముందే ఉంది, అయినా మబ్బు అని రాశాను, మబ్బేమన్నా మనిషా, ఇద్దరిని కప్పి మధ్యలో మూడోవాణ్ణి వదిలేసి పోవడానికి, గుంట కూడా ఒకవైపు వాలిపోయి ఉంది, గ్రహం దాటితే రెండు వైపులా ఒకేలా ఉండాలని పాఠంలో ఎన్నిసార్లు చదివాను, డేటా గందరగోళంగా ఉందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, తరవాత మేడం గీత చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు, మిగతా తారలతో కూడా చూశావా అన్నారు, చూశాను మేడం అన్నాను, అదే వస్తోందా అన్నారు, అదే వస్తోంది మేడం అన్నాను, నా గొంతు కాస్తయినా వణికి ఉంటే ఆవిడ పట్టుకునేవారేమో, వణకలేదు, పాపిష్టి గొంతు అబద్ధానికి ఎంత బాగా ఒదిగిందో.

అయిదో అబ్బాయి లేచాడు, పాలపుంత అంటున్నాడు, నాకు ఒక్క మాటా ఎక్కడం లేదు, నాన్న ఈ పాటికి కాటా దగ్గరుంటాడు, లారీలు ఎక్కించి తూకం వేసే పెద్ద కాటా, ముప్పై ఏళ్ళుగా అదే గది అదే కిటికీ, ఇంటర్న్‌షిప్ ఉత్తరం వచ్చిన రోజు దాన్ని రెండుసార్లు చదివించుకుని, సరే ఈ వేసవి ఒక్కటీ నీది, తరవాత మాత్రం నా మాట వినాలి అన్నాడు, ఆయన మాట అంటే బావ మాట, బావ తను పనిచేసే బీమా ఆఫీసులో నాకొక కుర్చీ అట్టే పెట్టించాడు, వచ్చే ఒకటో తారీకు నుంచి, కుర్చీ మంచిదే, ఫ్యాను కిందే అని అక్క రెండుసార్లు చెప్పింది, ఆ కుర్చీ తప్పాలంటే పరిశోధనలో సీటు రావాలి, నాలాంటి కాలేజీ నుంచి వచ్చినదానికి ఆ సీటు రావాలంటే మేడం లెటర్ ఉండాలి, మేడం లెటర్ అంటే మాటలు కాదు, ఆవిడ ఏడాదికి ఒకరికి రాస్తే ఎక్కువ, ఈ ఏడాది నాకు రాస్తానన్నారు, అన్నప్పుడు నేను బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుని గెంతాను, ఆ రాత్రే అక్కకి ఫోను చేసి గ్రహానికి ఏం పేరు పెడదాం అని కూడా అడిగాను, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం, అక్క నిజంగానే మూడు పేర్లు చెప్పింది.

అసలు పొద్దున నేను ఆ పిచ్చి పని చేయకుండా ఉంటే సరిపోయేది, ఎవరైనా అడిగితే చూపించడానికి చివర్లో ఒక స్లైడు ఉంటే బాగుంటుంది కదా అని, పోలిక తారలు ఎంత నిలకడైనవో చూపించే స్లైడు, ఒకటో నంబరుని రెండో నంబరుతో పోల్చి గీశాను, గీత గుట్టలా పైకి లేచింది, సరిగ్గా నా గుంట ఉన్న గంటలోనే, మూడో నంబరుతో పోల్చాను, మళ్ళీ అదే గుట్ట, తగ్గింది నా నక్షత్రం కాదు, పెరిగింది పక్కది, నేను నమ్ముకున్న ఒక్కటీ నిలకడ లేనిది, నేను మబ్బు అని తోసేసిన రెండూ నాలుగు రాత్రులూ నిజమే చెప్పాయి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆపరేటర్ చీటీలు మళ్ళీ తీశాను, ఆకాశం శుభ్రంగా ఉంది, ఆకాశం శుభ్రంగా ఉంది, ఎక్కడా ఒక్క మబ్బు లేదు.

చెప్పకపోతే ఏమవుతుంది, ఏమీ కాదు, పదిహేను నిమిషాలు, రెండు ప్రశ్నలు, చప్పట్లు, లెటర్, బస్సు, రేపో మాపో ఎవరో కనిపెడతారు, అప్పటికి నేను సీటులో ఉంటాను, పిల్లలు చేసిన పొరపాటు అంటారు, పొరపాటు అన్న మాట ఎంత మెత్తగా ఉంటుందో, కానీ టీ బ్రేకులో డైరెక్టర్ గారు బిస్కట్ చేత్తో పట్టుకుని నా దగ్గరకే నడుచుకుంటూ వచ్చి, ఏమ్మా మీ మేడం ఇరవై ఏళ్ళుగా ఇతరుల కెమెరాలు బాగుచేయడమే తప్ప తనకంటూ ఏదీ అడిగింది లేదు, ఇప్పుడు నీ కోసం టెలిస్కోపు టైము అడిగింది తెలుసా అన్నారు, గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను అక్కర్లేకుండా, లేదు సార్ ఇంకా ఖాయం కాదు సార్ అన్నాను, ఆయన నవ్వి మేడంతో అణకువ గల పిల్ల అన్నారు, మేడం ముఖం వెలిగిపోయింది, ఆవిడ ఇవాళ ఇస్త్రీ బట్టలు వేసుకుని వచ్చారు, ఎనిమిది వారాల్లో ఎప్పుడూ ఆవిడ బట్టల మీద ఇస్త్రీ మడత చూడలేదు.

ఇప్పుడు మాట్లాడుతున్నది తోకచుక్క, ఎప్పుడో ఒకసారి కనబడి మాయమైపోతాడని మేము పెట్టిన పేరు, వాడు నవ్వుతూ నాకేమీ దొరకలేదండీ, నేను వెతికిన సిగ్నల్ కంటే నా పరికరం చేసే రొదే ఎక్కువ అని తేలింది, ఎంత ఎక్కువో మాత్రం జాగ్రత్తగా కొలిచాను అంటున్నాడు, హాల్లో నవ్వులు, వాడికి సిగ్గూ లేదు భయమూ లేదు, వాడి మీద నాకెంత అసూయగా ఉందంటే లేచి వాడి చొక్కా పట్టుకోవాలని ఉంది, అంతలో మేడం వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నారు, నీళ్ళ సీసా నా చేతికిచ్చి నెమ్మదిగా, రేపటి నుంచి మూడు రాత్రులు మన దగ్గర పీహెచ్‌డీ చేసే సీనియర్ టెలిస్కోపు మీద తన టైము నీ నక్షత్రానికి వదులుకున్నాడు, అతనికి పాపం అవి ఏడాదికి దొరికే మూడు రాత్రులు, డైరెక్టర్ గారినీ అడిగాను, నువ్వు కూడా కొండకి వెళ్ళు, టికెట్ మార్చుకో, నీ నక్షత్రాన్ని నువ్వే చూసుకో అన్నారు, కొండ, ఎనిమిది వారాలుగా నేను ఈ గదిలో కంప్యూటర్ మీద చుక్కలు చూశాను గానీ టెలిస్కోపుని కళ్ళతో చూసింది లేదు, ప్రతి రోజూ దాని ఫోటో చూసుకుని పడుకునేదాన్ని, ఇచ్చేస్తున్నారు ఆవిడ, నీళ్ళ సీసాతో పాటు చేతిలో పెట్టేస్తున్నారు, తీసుకుంటే చాలు, మేడం అన్నాను, ఊఁ అన్నారు తోకచుక్క వైపే చూస్తూ, మిగతా తారలతో చూశానని చెప్పాను కదా మేడం, చూస్తే గుంట రాలేదు, వచ్చిందని అబద్ధం చెప్పాను.

ఆవిడ తల తిప్పలేదు, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు, ఒకటో నంబరు మారుతోందా అని అడిగారు, అవును మేడం, ఎంతసేపట్లో, రెండు గంటల నలభై నిమిషాలు మేడం, పెరగడం గబగబా పెరుగుతుంది, దిగడం నెమ్మదిగా దిగుతుంది, మబ్బు అని రాశావు కదా, మబ్బు లేదు మేడం, నేనే రాశాను, ఎప్పుడు తెలిసింది, పొద్దున ఎనిమిదింటికి, ఆవిడ గోడ గడియారం చూశారు, పన్నెండు కావస్తోంది, ఆ నాలుగు గంటలూ మా ఇద్దరి మధ్యా కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు ఉన్నాయి, తిడతారు అనుకున్నాను, తిడితే ఎంత బాగుండు, తిట్టేవాళ్ళు మళ్ళీ దగ్గరకు తీస్తారు, ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, లెటర్ రాస్తాను, రాస్తానన్నాను కాబట్టి రాస్తాను, జరిగింది జరిగినట్టు రాస్తాను అన్నారు, కోపం లేదు గొంతులో, అలసట ఉంది, ముందు ఆ అబ్బాయి మూడు రాత్రులు ఆ అబ్బాయికి తిరిగిచ్చెయ్యాలి, డైరెక్టర్ గారికీ నేనే చెప్పుకోవాలి, నీ పదిహేను నిమిషాలు నీవి, ఏం చెబుతావో నీ ఇష్టం అని లేచి, పక్క తలుపులోంచి బయటికి వెళ్ళిపోయారు, తలుపు చప్పుడు కాకుండా వేశారు.

పిలుస్తున్నారు, నా పేరు, నా కాలేజీ పేరు, కాళ్ళు వాటంతట అవే నడుస్తున్నాయి, మైకు నా ఎత్తుకి దించుతున్నారు, మొదటి స్లైడ్ తీసేశాను, పొద్దున గీసిన గుట్ట గీత పెట్టాను, గ్రహం లేదండీ, తప్పు నాది, మబ్బు లేని రాత్రి మబ్బు అని రాసి రెండు తారల్ని తీసేశాను, మా మేడం అడిగితే అబద్ధం చెప్పాను అన్నాను, ముందు వరసలో డైరెక్టర్ గారు కలం మూత పెట్టేశారు, నా చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి, అయినా నోరు ఆగడం లేదు, పెరిగి తగ్గేది ఇదిగో ఈ పక్క నక్షత్రం, రెండు గంటల నలభై నిమిషాలు, దీన్ని ఇంతవరకు ఎవరూ కొలిచినట్టు లేదు, ఈ వంపు చూడండి అంటున్నాను, నా వేలు తెర మీద వంపు వెంట జాగ్రత్తగా పోతోంది, అప్పుడు, ఆ వేలిని చూస్తుంటే గుర్తొచ్చింది, పొద్దున ఎనిమిదింటికి నా గ్రహం పోయినప్పుడు నేను ముందు ఏడవలేదు, ముందు కొలిచాను, నెత్తిన పిడుగు పడి ఉంటే దాని కింద కూర్చుని ఎంతసేపు పెరిగింది ఎంతసేపు తగ్గింది అని గంటసేపు కొలిచాను, ఎవరూ చూడకుండా, ఎవరికీ చూపించాలని లేకుండా, లెటర్ కోసం కాదు, సీటు కోసం కాదు, నాన్న మాట తప్పించుకోవడానికి కాదు, ఊరికే దానికేమవుతోందో తెలుసుకోవాలని, ఎనిమిది వారాల్లో నేను చేసిన నిజమైన పని ఆ ఒక్క గంట, ఆ గంటలో ఆకలి లేదు భయం లేదు నేనే లేను, నాకు కావలసింది గ్రహం కాదు, ఇదే, ఈ కొలవడమే, జన్మంతా ఇదే చేస్తూ కూర్చోవాలని ఉంది, ఈ పని నాకు ప్రాణమంత కావాలి, పది నిమిషాల కిందటే దాన్ని నా నోటితో నేనే పోగొట్టుకున్నాను.